ఓడిన జట్టు ఊరికి కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

మహారాష్ట్ర శాసనసభ ఎన్నికల ఫలితాలు 2024 నవంబరు 23న వెలువడ్డాయి. గోదావరికీ ప్రాణహితకూ ఇవతలి ఒడ్డున ఉన్న మా సిరోంచ తాలూకా అహేరి నియోజకవర్గంలో భాగం. ఇక్కడ మేము నమ్మి పనిచేసిన అభ్యర్థి ఓడిపోయారు. ఎందుకు ఓడిపోయారో తర్కించడానికో, గెలిచినవారిని తప్పుపట్టడానికో నేను ఈ ఉత్తరం రాయడం లేదు. ఓటర్లు ఇచ్చిన తీర్పును మనస్ఫూర్తిగా గౌరవిస్తున్నాను. అయితే ఆ తీర్పు వచ్చిన మర్నాటి నుంచి మా ఊళ్లలో జరుగుతున్నది చూస్తుంటే మనసుకు కష్టంగా ఉంది. ఎన్నికల కోసం ఇల్లిల్లూ తిరిగిన యువతీయువకులు చూస్తుండగానే చెదిరిపోయారు. కొందరు మిరపకాయలు ఏరే పనికి నది దాటి తెలంగాణకు వెళ్లారు. కొందరు ఊళ్లోనే ఉన్నా, పలకరిస్తే 'ఇక ఐదేళ్ల తర్వాత చూద్దాం' అని తప్పుకుంటున్నారు. ఎన్నికల్లో ఓడినంత మాత్రాన ఆ జట్టుతో ఊరికి పని తీరిపోలేదని, నిజానికి దాని అవసరం ఇప్పుడే ఎక్కువగా ఉందని చెప్పడానికే మీ పత్రికలో కొంత చోటు కోరుతున్నాను.

నేను చెన్నూరు వైపు పుట్టి, తెలుగు బడిలో చదువుకుని, కోడలిగా సిరోంచ తాలూకాకు వచ్చినదాన్ని. ఇక్కడ ఇళ్లలో తెలుగు, గూడేల్లో గోండీ, మాడియా, కచేరీల్లో మరాఠీ నడుస్తాయి. ఊళ్లో మహిళా బచత్ గట్ (పొదుపు సంఘం) పనులు చూస్తుంటాను కాబట్టి ఊరి రెవెన్యూ ఉద్యోగి తలాఠీ దగ్గరి నుంచి తహసీల్ కచేరి వరకు కాగితాలు ఎలా కదులుతాయో, ఎక్కడ ఆగిపోతాయో కొంత తెలుసు. ఆ అనుభవంతోనే ఈ మాటలు రాస్తున్నాను.

ఎన్నికల కోసం మా పిల్లలు చేసిన పని ఎలాంటిదో ముందుగా చెప్పాలి. బూతు వారీగా ఓటర్ల జాబితా పట్టుకుని ప్రతి గడపా తొక్కారు. ఏ ఇంట్లో ఎవరు మంచాన పడ్డారో, ఎవరు వలస వెళ్లారో, ఏ విధవరాలికి పింఛను రావడం లేదో, ఏ రైతు భూమి సాత్ బారాలో (భూమి, పంట వివరాల పత్రంలో) ఇంకా తండ్రి పేరు మీదే ఉండిపోయిందో వాళ్లకు తెలిసింది. ప్రభుత్వ సర్వేకు వచ్చినవారికి జనం ఇంత మనసు విప్పి చెప్పరు. ఓటు అడగడానికి వచ్చిన ఊరి పిల్లలకు చెప్పుకున్నారు. అలా పోగైన వివరాలన్నీ ఇప్పుడు ఎవరి నోటు పుస్తకాల్లో వాళ్లకు, ఎవరి ఫోన్లలో వాళ్లకు మిగిలిపోయాయి. మా అభ్యర్థి గెలిచి ఉంటే ఈ సమస్యలన్నీ ఆయన ముందుకు తీసుకువెళ్లాలని అనుకున్నాం. ఆయన ఓడిపోయారని ఆ ముసలమ్మ పింఛను అవసరం తీరిపోయిందా? ఓటరుగా ఆమె తలుపు తట్టినవాళ్లు, ఓట్లు లెక్కపెట్టిన తర్వాత ఆ గడపకు మళ్లీ వెళ్లకపోతే, మమ్మల్నీ ఆమె మిగతా పార్టీల మనుషుల్లాగే లెక్కగట్టడంలో తప్పు లేదు.

మాకు శాసనసభ్యుడు ఎంత ముఖ్యమో కాదనను. కానీ ముంబై మాకు సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరం. జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి పోవాలన్నా ఆలపల్లి మీదుగా అడవి దారిలో 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. ఇక జిల్లా పరిషత్ సంగతి చూస్తే, 2017లో ఎన్నికైన సభ్యుల పదవీకాలం 2022 మార్చిలో ముగిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పాలన ప్రభుత్వం నియమించిన ప్రశాసకుడి చేతిలోనే సాగింది. అంటే బడి, దవాఖానా, ఊరి రోడ్డు వంటి పనులు చూసే వ్యవస్థలో మా తరఫున అడిగే ఎన్నికైన సభ్యుడే అన్నేళ్లూ లేడు. ఇలాంటి పరిస్థితిలో మా చేతిలో మిగిలిన, ఏ ఎన్నికతోనూ సంబంధం లేకుండా ప్రతి ఓటరుకూ పుట్టుకతో వచ్చినట్టుగా ఉన్న ఒకే ఒక్క అధికార పీఠం గ్రామసభ.

గ్రామసభ అంటే సర్పంచ్, గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) కూర్చుని రిజిస్టరులో సంతకాలు పెట్టించుకునే తంతుగా మా ఊళ్లలో చాలామంది అనుకుంటారు. చట్టం అలా చెప్పలేదు. ఏడాదికి కనీసం నాలుగు గ్రామసభలు జరగాలి. అవి సాధారణంగా జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో పెడతారు. ప్రతి గ్రామసభకు ముందు మహిళల సభ విడిగా జరగాలి. నూరుమంది వచ్చి కూర్చుంటే ఎంత పెద్ద పంచాయతీలోనైనా కోరం నిండుతుంది. పైగా సిరోంచ తాలూకా రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కింద షెడ్యూల్డ్ ప్రాంతం. ఇక్కడ షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 నాటి పేసా చట్టం, దానికి మహారాష్ట్ర ప్రభుత్వం 2014లో చేసిన నియమాలు వర్తిస్తాయి. ఇసుక వంటి చిన్న ఖనిజాల తవ్వకానికి అనుమతి ఇచ్చే ముందు గ్రామసభ సిఫారసు తప్పనిసరి. గిరిజన ఉపప్రణాళిక నిధుల్లో 5 శాతం నేరుగా షెడ్యూల్డ్ ప్రాంత పంచాయతీలకు వస్తుంది, దాన్ని దేనికి వాడాలో నిర్ణయించేది గ్రామసభే. ఒక పంచాయతీలో కలిసి ఉన్న గూడెం తన వ్యవహారాలు తానే చూసుకోదలిస్తే వేరే గ్రామంగా గుర్తింపు పొంది సొంత గ్రామసభ పెట్టుకునే వీలు కూడా ఉంది. ఇన్ని అధికారాలున్న సభకు మా ఊళ్లలో హాజరయ్యేవారు ఎందరో మీ పాఠకుల్లో ఈ ప్రాంతం వారందరికీ తెలుసు. ప్రచార సభకు ట్రాక్టరు ఎక్కి పక్క ఊరికి వెళ్లినవాళ్లమే, మన వీధి చివర జరిగే గ్రామసభకు నడిచి వెళ్లడం లేదు.

ఇది వట్టి పుస్తకాల మాట కాదని చూపించడానికి దూరం పోనక్కరలేదు. మా జిల్లాలోనే ధనోరా తాలూకాలో మేంఢా అనే గోండు గ్రామం ఉంది. లేఖా పక్కన ఉంటుంది కాబట్టి మేంఢా లేఖా అంటారు. 'ఢిల్లీలో, ముంబైలో మన సర్కారు, మన ఊళ్లో మనమే సర్కారు' అన్నది ఆ ఊరి నినాదం. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని కింద సుమారు 1,800 హెక్టార్ల అడవిపై సామూహిక హక్కును 2009లో సాధించి దేశానికే దారి చూపిన ఊరు అది. హక్కు పత్రం చేతికి వచ్చాక కూడా వెదురు అమ్ముకోవడానికి రవాణా అనుమతి ఇచ్చే అధికారం ఎవరిదన్న వివాదం సాగింది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర అటవీ శాఖ మంత్రి జైరాం రమేశ్ ఆ ఊరికి వచ్చి, రవాణా అనుమతి పుస్తకాన్ని గ్రామసభ చేతికి అందేలా చేశారు. ఆ ఊరివాళ్లు ఇదంతా శాసనసభ్యుణ్ణి గెలిపించుకుని సాధించలేదు. దేవాజీ తోఫా వంటి గ్రామ పెద్దలు, మోహన్ హీరాబాయి హీరాలాల్ వంటి కార్యకర్తలు ఏళ్ల తరబడి కూర్చుని చదివి, చర్చించి, రాసుకుని సాధించారు.

మేంఢాలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది అక్కడి అధ్యయన బృందం. నిర్ణయాలు చేసే గ్రామసభ వేరు, విషయాన్ని చదివి అర్థం చేసుకునే బృందం వేరు. అధ్యయన బృందంలో బయటివారు కూడా కూర్చోవచ్చు, చెప్పవచ్చు, అడగవచ్చు. నిర్ణయం మాత్రం ఊరివాళ్లే, అందరూ ఒప్పుకున్న తర్వాతే తీసుకుంటారు. అక్కడ మెజారిటీ ఓటుతో ఏదీ తేల్చరు. ఒక్కరు ఒప్పుకోకపోయినా మళ్లీ కూర్చుంటారు. ఎన్నికల్లో గెలుపు ఓటముల లెక్కకు అలవాటుపడిన మనకు ఇది ఆలస్యంగా, చేతకానితనంగా అనిపించవచ్చు. కానీ నూరు గడపలకు అటు ఇటుగా ఉన్న ఊళ్లో సగం మందిని ఓడించి తీసుకున్న నిర్ణయం మర్నాడు బావి దగ్గరే బెడిసికొడుతుంది. ఓడిపోయిన బాధ ఎలా ఉంటుందో ఈమధ్యే చవిచూసినవాళ్లం కాబట్టి, ఊరి వ్యవహారాల్లో ఎవరినీ ఓడించని ఆ పద్ధతి గొప్పదనం మాకు తొందరగా అర్థం కావాలి.

బీడీలు చుట్టే తునికాకు సంగతి దీనితో ముడిపడి ఉంది. ఏప్రిల్, మే నెలలు మా ప్రాంతానికి తునికాకు కాలం. ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి వెళ్లి, మధ్యాహ్నానికి ఆకు తెచ్చి, కట్టలు కట్టి, కల్లంలో ఆరబెడతారు. పత్తి, వరి చేతికి రాని ఏడాది పిల్లల ఫీజులకూ పెళ్లిళ్ల బాకీలకూ ఇదే ఆధారం. పేసా, అటవీ హక్కుల చట్టాల బలంతో గడ్చిరోలి జిల్లాలో అనేక గ్రామసభలు కొన్నేళ్లుగా తమ ఆకును తామే వేలం వేసి, వ్యాపారితో తామే ఒప్పందం చేసుకుంటున్నాయి. ఇది పెద్ద ముందడుగు. అయితే ఒప్పందం కాగితంలో ఏముందో చదివి చెప్పేవాళ్లు, రోజువారీ కట్టల లెక్క రాసేవాళ్లు, కూలి ఎంత, రాయల్టీ ఎంత, అది బ్యాంకు ఖాతాలో ఎప్పుడు పడాలి అని అడిగేవాళ్లు లేని ఊళ్లో హక్కు ఉండి కూడా వ్యాపారి చెప్పిందే లెక్క అవుతుంది. బూతు దగ్గర కూర్చుని గంట గంటకూ ఎన్ని ఓట్లు పడ్డాయో టిక్కులు పెట్టి రాసిన మా పిల్లలకు కల్లం దగ్గర కట్టల లెక్క రాయడం కష్టమా? ప్రతి ఊళ్లో ఇద్దరు ఈ సీజనంతా ఆ పుస్తకం పట్టుకుని కూర్చుంటే, ఆ ఊరికి మిగిలే డబ్బు ఏ నాయకుడి హామీ కంటే ఖాయమైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇలా చేయదగిన పనులు ఎన్నో ఉన్నాయి. ఇవేవీ గొప్ప త్యాగాలు కోరేవి కావు. ఉదాహరణకు ఇ-పీక్ పాహణీ. రైతు తన పొలంలో ఏ పంట వేశాడో ఫోను ద్వారా తానే నమోదు చేసుకోవాలని 2021 ఆగస్టు 15 నుంచి రాష్ట్రమంతటా ఈ ఏర్పాటు తెచ్చారు. సాత్ బారాలో పంట నమోదు కాకపోతే పంట నష్టపరిహారానికీ, ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో అమ్ముకోవడానికీ ఇబ్బంది అవుతుంది. యాప్ మరాఠీలో ఉంటుంది, పొలంలో నిలబడి ఫొటో తీయాలి, మా దగ్గర సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవాలి. అరవై దాటిన, తెలుగు తప్ప చదవలేని రైతుకు ఇది ఎంత పెద్ద పనో ఊహించవచ్చు. ఎన్నికల తర్వాత వచ్చిన యాసంగిలో మా బచత్ గట్ మహిళల్లో ఫోను వాడడం తెలిసిన కొందరం, కాలేజీ చదివే పిల్లలను వెంటబెట్టుకుని, అడిగినవాళ్ల పొలాలకు వెళ్లి నమోదు చేశాం. మాకు ఓటు వేశారా లేదా అని ఎవరినీ అడగలేదు. అవతలి పక్షానికి బాహాటంగా ప్రచారం చేసిన ఒక పెద్దాయన మొదట మొహమాటపడి, చివరికి తానే పిలిచి పొలానికి తీసుకువెళ్లారు. ఆ గట్టు మీద మేము మాట్లాడుకున్నది రాజకీయం గురించి కాదు, ఆయన బావిలో తగ్గిపోయిన నీళ్ల గురించి.

పింఛన్ల విషయమూ అంతే. సంజయ్ గాంధీ నిరాధార్ యోజన, శ్రావణ్‌బాళ్ యోజన కింద నెలనెలా పింఛను ఇస్తారు. దానికి ఏడాది ఆదాయం నిర్ణీత పరిమితికి మించలేదన్న దాఖలా, వయసు లేదా వైధవ్యం లేదా వికలాంగత రుజువు, ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా కావాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా దరఖాస్తు కదలదు. ఒక్కో కాగితానికీ ఒక్కో రోజు కూలి పోగొట్టుకుని సిరోంచకు వెళ్లి రావడం ఒంటరి మహిళలకు సాధ్యం కాదు. ఎవరికి ఏ కాగితం లేదో మా బూతు జాబితాల పక్కన పెన్సిలుతో రాసుకున్నవి ఉన్నాయి. వాటిని తీసి, ఊరి వారీగా అందరి కాగితాలూ ఒకేసారి తీసుకువెళితే సగం పని అయిపోతుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. స్వచ్ఛంద సేవ పేరుతో ప్రభుత్వం చేయవలసిన పనిని మనం నెత్తికెత్తుకోవడం నాకు సమ్మతం కాదు. ఉపకేంద్రంలో నర్సు లేకపోతే మందులు పంచడం మన పని కాదు. నర్సును నియమించమని గ్రామసభలో తీర్మానం చేసి, దాని ప్రతి తీసుకుని, పంచాయతీ సమితికీ జిల్లా అధికారికీ పంపి, జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగడం మన పని. అడిగిన సమాచారం సాధారణంగా 30 రోజుల్లో ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. బోరు చెడిపోతే చందాలు వేసుకుని బాగుచేయించడం తప్పు కాదు, దాహం ఆగదు. కానీ అదే రోజు ఆ విషయం కాగితం మీద పడాలి. సాయం చేసే చెయ్యి, నిలదీసే నోరు ఒకే మనిషివి అయినప్పుడే ఊరికి మేలు. ఒట్టి సాయంతో సరిపెట్టుకుంటే అధికారులకు హాయిగా ఉంటుంది, ఒట్టిగా నిలదీస్తూ కూర్చుంటే ఊరివాళ్లు దూరమవుతారు.

బడి గురించి రాయకుండా ఉండలేను. మా పిల్లలు ఐదారేళ్ల వరకు ఇంట్లో తెలుగో గోండీయో మాట్లాడి, ఒకటో తరగతిలో మరాఠీ పుస్తకం ముందు కూర్చుంటారు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించడానికి తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. ఆ అధికరణాన్ని 1956లోనే చేర్చారు. దాన్ని అమలు చేయమని అడగవలసిందే, అడుగుతూనే ఉంటాం. మరాఠీ మా పిల్లలకు బతుకుదెరువు భాష, దానిమీద మాకు ఎలాంటి వ్యతిరేకతా లేదు. అయితే అడుగుతూ కూర్చున్న ఈ కాలంలో ఒకటో తరగతి పిల్ల ఒకటో తరగతిలో ఆగదు కదా. ఇంటర్ చదివిన అమ్మాయి ఒకరు సాయంత్రం ఒక గంట బడి వరండాలో కూర్చుని, మరాఠీ పాఠాన్ని తెలుగులో వివరించి, వారానికి రెండు రోజులు తెలుగు అక్షరాలు నేర్పితే ఆ పిల్లకు బడి అంటే భయం పోతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. ఈ కమిటీలో తమ పేరు ఉందని కూడా తెలియని తల్లులు మా ఊళ్లలో ఉన్నారు. ఓటరు చీటీ ఇచ్చి 'మీ పేరు ఇక్కడ ఉందమ్మా' అని చూపించిన మనమే, ఈ కమిటీలోనూ వాళ్ల పేరు చూపించి, సమావేశానికి తోడు వెళ్లాలి.

ఎన్నికలతో నిమిత్తం లేకుండా సామాన్య స్త్రీలు ఎంత పని సాధించగలరో నా తరం తెలుగు ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిపూట కూడిన స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధానికి దారితీసింది. అదే 1993లో, ఇటు గడ్చిరోలి జిల్లాలో ప్రజల ఆందోళన ఫలితంగా మద్య నిషేధం వచ్చింది, అది నేటికీ అమల్లో ఉంది. దొంగసారా లేదని అనను, నది దాటి వచ్చే సీసాల సంగతీ తెలియనిది కాదు. కానీ ఊళ్లో ఆడవాళ్లు కూడి కూర్చున్న చోట అమ్మేవాడు జంకుతాడు, కూడి కూర్చోవడం మానేసిన చోట జంకడు. మా జిల్లాలోనే అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1986లో సెర్చ్ అనే సంస్థను నెలకొల్పారు. పెద్ద చదువులు లేని గ్రామీణ స్త్రీలకు ఇంటి దగ్గరే నవజాత శిశువులను చూసుకోవడంలో శిక్షణ ఇచ్చి, ఆ పల్లెల్లో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో రుజువులతో ప్రచురించారు. బిడ్డ బరువు తూచి, జ్వరం చూసి, వెచ్చగా చుట్టి, అవసరమైతే మందు వేసి, ప్రతిదీ కాగితం మీద గుర్తు పెట్టుకున్న పల్లెటూరి ఆడవాళ్లు సాధించిన ఫలితం అది.

వాన కాలం వస్తే మా ఒడ్డుకు మరో పరీక్ష. 2022 జులైలో గోదావరికి వచ్చిన వరదను రెండు ఒడ్ల వారూ మరచిపోలేదు. మేడిగడ్డ బ్యారేజీ 2019లో ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న దాని స్తంభాలు కుంగాయి. దాని వెనుక నీటితో, వరదతో పొలాలు దెబ్బతిన్న మా వైపు రైతులు పరిహారం కోసం ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. రెండు రాష్ట్రాల మధ్య నలిగే ఇలాంటి వ్యవహారంలో రైతు చేతిలో ఉండవలసిన ఆయుధం పంచనామా ప్రతి, తేదీతో కూడిన ఫొటో, సాత్ బారా నకలు. వరద తీసిన తర్వాత ఎవరి పొలం ఎంత కోసుకుపోయిందో వెంటనే రాసి పెట్టే మనిషి ప్రతి ఊళ్లో ఉండాలి. నీరు పెరుగుతున్నప్పుడు ఏ ఇంట్లో గర్భిణి ఉంది, ఏ ఇంట్లో నడవలేని ముసలివారు ఉన్నారు అన్నది మళ్లీ ఆ బూతు జాబితాల్లోనే ఉంది. అవతలి ఒడ్డున మహదేవపూర్, కాళేశ్వరం వైపు ఉన్న మన బంధువులతో ఫోను వరుస ఒకటి ముందే ఏర్పాటు చేసుకుంటే పై నుంచి వచ్చే నీటి కబురు అధికారిక సమాచారంతో పాటు మాకు చేరుతుంది.

మా జిల్లా దశాబ్దాలుగా తుపాకుల మధ్య నలిగిన జిల్లా. నలుగురు పిల్లలు ఒకచోట కూడితే ఎవరు ఏమనుకుంటారోనన్న భయం తల్లిదండ్రులకు ఉంటుంది, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కాబట్టి ఏ పని చేసినా పగటిపూట, బడి దగ్గరో పంచాయతీ కచేరీ దగ్గరో, గ్రామసభకు చెప్పి, తీర్మానం పుస్తకంలో రాయించి చేయాలి. పార్టీ కండువా వేసుకోకూడదు. గెలిచిన పక్షం కార్యకర్తలను కూడా పిలవాలి. వాళ్ల దగ్గరా బూతు జాబితాలు ఉన్నాయి, వాళ్లకూ ఊరి కష్టాలు తెలుసు, పైగా వాళ్ల మాట కచేరీల్లో కొంత తొందరగా చెల్లుతుంది. ఆ సౌలభ్యాన్ని ఊరి కోసం వాడమని అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. 'ఇదంతా రేపటి పంచాయతీ ఎన్నికల కోసమే' అని కొందరు అంటారని మా పిల్లలు వెనుకాడుతున్నారు. ఊరికి పనిచేసిన మనిషి రేపు ఊరి ఓటు అడిగితే అందులో దాచుకోవలసిందేమీ లేదు. ఓటు అడగడానికి తప్ప ఊరి ముఖం చూడనివాళ్ల కంటే అది వెయ్యి రెట్లు నయం.

సంపాదకులకు నా మనవి రెండు విషయాల్లో. మీ పత్రిక ప్రతులు వంతెన దాటి మా వైపు కూడా వస్తాయి. ఎన్నికల సమయంలో సరిహద్దు నియోజకవర్గాల గురించి ఎంతో శ్రద్ధగా రాశారు. అదే శ్రద్ధతో వచ్చే మే 1 గ్రామసభలకు వారం ముందు, గ్రామసభలో ఏమేమి అడగవచ్చో, తునికాకు లెక్కలు, పేసా నిధి ఖర్చు వివరాలు చూపమని కోరే హక్కు ఎవరికి ఉందో తెలుగులో వివరంగా ప్రచురించండి. మరాఠీ జీవోలు చదవలేని మా పెద్దలకు అది ఎంతో ఉపయోగపడుతుంది. రెండోది, ఆదిలాబాద్, ఆసిఫాబాద్, భూపాలపల్లి వైపు పల్లెల్లో తునికాకు లెక్కలు, పంట నమోదు, పింఛను కాగితాల పనిలో ఊరికి తోడుగా నిలుస్తున్న వారు ఉంటే, వాళ్ల పద్ధతులను మీ పత్రికకు రాయమని కోరండి. మా తాలూకాలో ఎన్నికల కోసం పనిచేసిన యువతీయువకులు, ఏ పక్షం వారైనా సరే, ఏప్రిల్ నెలాఖరులోగా తమ తమ గ్రామసేవక్‌ను కలిసి మే 1 సభ ఎజెండాలో తునికాకు లెక్కల విషయం చేర్చమని రాతపూర్వకంగా కోరాలి. మహిళల సభ విడిగా పెట్టేదీ లేనిదీ అడిగి తెలుసుకోవాలి. మా ఊళ్లో ఆ దరఖాస్తు మేము ఇప్పటికే ఇచ్చాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సిరోంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర